సిమోన్యాన్ గొప్ప స్ట్రైకరా, గొప్ప కోచా?

హాఫ్‌టైమ్_చాయ్ (థ్రెడ్ మొదలుపెట్టినవారు)

ఆదివారం వాన పడి మా టర్ఫ్ మ్యాచ్ క్యాన్సిల్ అయింది. ఇంట్లో కూర్చుని పాత సోవియట్ లీగ్ రికార్డులు తిరగేస్తుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయాను. నికితా సిమోన్యాన్. స్పార్టక్ మాస్కో చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది ఈయనే, 160. బూట్లు విప్పిన వెంటనే అదే క్లబ్బుకి కోచ్ అయ్యాడు, 1962లో, 1969లో లీగ్ గెలిపించాడు. తర్వాత ఎరెవాన్ వెళ్లి అరరాత్ అనే ఆర్మేనియా క్లబ్బుకి 1973లో ఒకే సీజన్‌లో లీగూ, కప్పూ రెండూ తెచ్చిపెట్టాడు.

గోల్స్ కొట్టేవాడికి స్వార్థం ఉంటుంది, కోచ్‌కి అది పనికిరాదు, అందుకే పెద్ద స్ట్రైకర్లు మంచి కోచ్‌లు కాలేరు అని మా టీమ్‌లో ఒకాయన ఎప్పుడూ అంటుంటాడు. ఆయన నోరు మూయించడానికి సిమోన్యాన్ సరిపోతాడా? తెలిసినవాళ్లు చెప్పండి.

గోళీసోడా

ఆర్మేనియా అంటే నాకు తెలిసింది ఒక్క ఫుట్‌బాలర్ హెన్రిఖ్ మ్ఖితార్యానే. ఆ పేరు పలకడానికి కూడా నాకు రెండు సీజన్లు పట్టింది. 😅

పాతపేపర్

సోడా తమ్ముడూ, పేరు తిప్పలు నీ ఒక్కడివే కాదు. సిమోన్యాన్ అసలు పేరు మ్‌క్రతిచ్. వాళ్ల తాత పేరు పెట్టారు. ఆర్మేనియన్ భాషలో బాప్తిస్మమిచ్చేవాడు అని అర్థం. వీధిలో పిల్లలకి నోరు తిరగక మికితా, నికితా అని పిలిచారు, అదే ఖాయమైపోయింది. మన దగ్గర వెంకట సుబ్రహ్మణ్యేశ్వర శర్మ చివరికి చంటిగా మిగిలిపోయినట్టు.

ఇక లెక్కలు. 1949లో 26 గోల్స్, 1950లో 34, 1953లో 14. మూడు సార్లు లీగ్ టాప్ స్కోరర్. ఆ 34 అనేది సోవియట్ లీగ్‌లో 35 ఏళ్లు చెక్కుచెదరలేదు. 1985లో ప్రొతాసోవ్ 35 కొట్టి దాటాడు. మొత్తం లీగ్‌లో 265 మ్యాచ్‌లు, 142 గోల్స్. ఆటగాడిగా లీగ్ నాలుగు సార్లు (1952, 1953, 1956, 1958), కప్పు రెండు సార్లు (1950, 1958). కోచ్‌గా లీగ్ మూడు (1962, 1969, 1973), కప్పు నాలుగు (1963, 1965, 1971, 1973).

ఆరు, ఏడు. ఒక్క కప్పు తేడాతో కోచే గెలిచాడు. థ్రెడ్ మూసేయొచ్చు.

ఆఫ్‌సైడ్_రాజు

మాస్టారూ, కప్పులు కూడితే సరిపోతుందా? ఆటగాడిగా మెల్‌బోర్న్ ఒలింపిక్ బంగారం ఎటు పోయింది? 1958 ప్రపంచ కప్‌లో సోవియట్ తరఫున మొట్టమొదటి గోల్ కొట్టింది ఎవరు? జూన్ 8, గోథెన్‌బర్గ్, ఇంగ్లండ్ మీద, 13వ నిమిషం. అప్పుడాయన కెప్టెన్ కూడా. అది ఏ కప్పు లెక్కలోకి వస్తుంది?

ఇంకొకటి. ఆర్మేనియా ఆర్మేనియా అంటున్నారు గానీ ఆయన పుట్టింది ఆర్మేనియాలోని అర్మావిర్‌లో, పెరిగింది మాస్కోలో. ఎరెవాన్‌లో ఉన్నది మొత్తం కలిపినా నాలుగేళ్లే.

పాతపేపర్

రాజూ, ఒలింపిక్ మాట ఒప్పుకుంటాను, అర్మావిర్ మాట ఒప్పుకోను. అర్మావిర్‌లు రెండు. ఆయన 1926 అక్టోబర్ 12న పుట్టింది రష్యాలో, కుబాన్ ప్రాంతంలోని అర్మావిర్‌లో. ఆ ఊరిని 19వ శతాబ్దంలో ఆర్మేనియన్లే కట్టుకున్నారు, తమ పాత రాజధాని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు ఆర్మేనియాలో ఉన్న అర్మావిర్‌ని సోవియట్ రోజుల్లో హొక్తెంబెర్యాన్ అనేవాళ్లు. పెరిగింది కూడా మాస్కోలో కాదు, నల్లసముద్రం ఒడ్డున సుఖుమిలో. తండ్రి చెప్పులు కుట్టేవాడు. 1915 మారణహోమం నుంచి తప్పించుకుని వచ్చిన మనిషి.

అంటే ఆర్మేనియా గడ్డ మీద పుట్టకపోయినా ఆర్మేనియన్ కావడానికి ఆయనకి కావలసినంత కారణం ఉంది. ఇల్లు పోగొట్టుకున్న జనం కదా, సగంమంది బయటే పుట్టారు.

ఆఫ్‌సైడ్_రాజు

సరే, అర్మావిర్ విషయంలో ఆఫ్‌సైడ్ ఒప్పుకున్నా. జెండా దించేశాను.

హాఫ్‌టైమ్_చాయ్

సుఖుమి అబ్బాయి మాస్కో ఎలా చేరాడు మాస్టారూ?

పాతపేపర్

అది పెద్ద కథ. సుఖుమి డైనమోలో ఆడుతుంటే మాస్కోలోని క్రీల్యా సొవేతొవ్ వాళ్ల కంట్లో పడ్డాడు. 1946లో వాళ్లతో వెళ్లాడు. అప్పుడు జార్జియాలో పెద్ద జట్టు త్బిలిసి డైనమో. ఆ జట్టు వెనక ఉన్న పెద్దలకి ఈ కుర్రాడు తమకే కావాలి. ఏం చేశారంటే, సుఖుమిలో ఇంటి మీద సోదాకి మనుషుల్ని పంపి తండ్రిని పట్టుకెళ్లారు, కొడుకు దారికి వస్తాడని. కొడుకు రాలేదు. తర్వాత తండ్రిని వదిలేశారు.

మాస్కోలో ఉండడానికి చోటు లేదు. అబ్రాం దంగులోవ్ అని కోచ్, ఆయనా ఆర్మేనియనే, వాళ్లింట్లో సామాన్లు పెట్టుకునే కొట్టు ఇచ్చాడు. కిటికీ కూడా లేని ఆ కొట్టులో ఒక పెట్టె మీద పరుపు వేసుకుని మూడేళ్లు పడుకున్నాడు. 1948 చివర ఆ జట్టునే రద్దు చేశారు, అప్పుడు స్పార్టక్‌కి వెళ్లాడు. వెళ్లిన మొదటి సంవత్సరమే 26 గోల్స్.

ఇదయ్యాక స్టాలిన్ కొడుకు వసీలీ కథ. ఆయనకి వైమానిక దళం జట్టు ఉండేది, నచ్చిన ఆటగాళ్లని ఏరుకునేవాడు. సెలవులో ఉన్న సిమోన్యాన్‌ని కూడా మనుషుల్ని పంపి విమానంలో మాస్కో రప్పించుకున్నాడు. నా జట్టుకి రా అన్నాడు. స్టాలిన్ కొడుకుకి ఎదురు చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు ఆ రోజుల్లో? ఈయన మాత్రం నేను స్పార్టక్‌లోనే ఆడతాను అని చెప్పేశాడట. తీయటి అబద్ధం కంటే చేదు నిజం నయం, వెళ్లు అని వసీలీ వదిలేశాడు. ఆయనే పెద్దయ్యాక చాలాసార్లు చెప్పుకున్న ముచ్చట ఇది.

గోళీసోడా

పెట్టె మీద మూడేళ్లు!! మా హాస్టల్ మంచం గురించి ఇంక కంప్లయింట్ చేయను.

అమ్ముగూడ_10

ఆలస్యంగా వచ్చాను, ఎవరూ అసలు విషయం ఎత్తలేదు. మెల్‌బోర్న్ 1956 అంటే మనవాళ్లు సెమీఫైనల్ ఆడిన ఒలింపిక్స్ కదా! కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. ఆస్ట్రేలియా మీద 4-2, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీస్‌లో యుగోస్లావియా మీద కూడా మొదటి గోల్ మనదే, మళ్లీ డిసౌజానే. తర్వాత వాళ్లు నాలుగు కొట్టారు. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3. నాలుగో స్థానం.

అదే యుగోస్లావియా ఫైనల్‌లో సిమోన్యాన్ వాళ్లతో ఆడింది. అదే బల్గేరియాని సిమోన్యాన్ వాళ్లు సెమీస్‌లో ఎక్స్‌ట్రా టైమ్‌లో 2-1తో దాటారు. అంటే రహీం సాబ్ పిల్లలు సోవియట్‌లు తలపడిన ఇద్దరితోనూ తలపడి వచ్చారు. ఆ జట్టులో మా అమ్ముగూడ తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు, ఇరవై ఏళ్ల కుర్రాడు. మా తాతయ్యకి ఆయన ఆట అంటే ప్రాణం. ఇంట్లో పెళ్లి ముహూర్తం మర్చిపోతాడు గానీ బలరాం ఏ మ్యాచ్‌లో ఏ కాలితో కొట్టాడో మర్చిపోడు.

హాఫ్‌టైమ్_చాయ్

అన్నా, ఒళ్లు గగుర్పొడిచింది. సెమీస్ దాటి ఉంటే సిమోన్యాన్‌ని మనవాళ్లే ఆపాల్సి వచ్చేది.

ఆఫ్‌సైడ్_రాజు

ఆ ఫైనల్‌లో సిమోన్యాన్ ఎందుకు ఆడాడో తెలుసా? బంగారు పతకం కథ ఎవరైనా చెప్పారా ఇంకా?

పాతపేపర్

నువ్వే చెప్పు, నేను టీ తాగొస్తాను.

ఆఫ్‌సైడ్_రాజు

సోవియట్ జట్టులో స్త్రెల్త్సోవ్ అని 19 ఏళ్ల కుర్రాడు. ఫైనల్ దాకా వాళ్లని మోసుకొచ్చింది అతనే. బల్గేరియాతో సెమీస్ చూడండి. ఒకడికి భుజం దగ్గర ఎముక విరిగింది, ఇంకొకడికి మోకాలు పోయింది. సబ్‌స్టిట్యూట్లు లేని రోజులు, అలాగే కుంటుకుంటూ ఆడారు. ఎక్స్‌ట్రా టైమ్‌లో బల్గేరియా ముందుకు వెళ్లింది. 112వ నిమిషంలో స్కోరు సమం చేసింది స్త్రెల్త్సోవ్. నాలుగు నిమిషాలకి తతూషిన్ గెలుపు గోల్.

ఫైనల్ వచ్చేసరికి కోచ్ కచాలిన్ ఇతన్ని పక్కన పెట్టాడు. మోకాలు పోయిన ఇవనోవ్, స్త్రెల్త్సోవ్ ఒకే క్లబ్బు, టార్పెడో. జంటలో ఒకడు లేనప్పుడు రెండోవాడు దేనికి, ముందు వరుస మొత్తం ఒకే క్లబ్బు వాళ్లుంటే ఒకరి పాస్ ఒకరికి తెలుస్తుంది అని లెక్క వేశాడు. తతూషిన్, ఇసాయెవ్, సిమోన్యాన్, సాల్నికోవ్, ఇల్యీన్. ఐదుగురూ స్పార్టక్. ఇల్యీన్ గోల్‌తో 1-0, బంగారం.

ఆ రోజుల్లో పతకాలు ఫైనల్ ఆడిన పదకొండు మందికే. స్త్రెల్త్సోవ్‌కి ఏమీ లేదు. సిమోన్యాన్ తన పతకం తీసుకెళ్లి అతని చేతిలో పెట్టబోయాడు. ఇది నీది, నువ్వే సంపాదించావు అన్నాడు. ఆ కుర్రాడు తీసుకోలేదు. నీకు ముప్ఫై దాటాయి, నాకు పంతొమ్మిదే, నేను ఇంకా ఎన్నో గెలుస్తాను అన్నాడట.

1958 మేలో, ప్రపంచ కప్‌కి వారాల ముందు స్త్రెల్త్సోవ్ అత్యాచారం కేసులో అరెస్టయ్యాడు. 12 ఏళ్ల శిక్ష. ఆ కేసు మీద ఇప్పటికీ వాదనలున్నాయి, ఆ గొడవ ఇక్కడ వద్దు. మళ్లీ ఒలింపిక్స్ మాత్రం ఆడలేదు.

గోళీసోడా

...

అమ్ముగూడ_10

రాజూ, నువ్వు ఇంత బాగా రాస్తావని తెలీదు. ఎప్పుడూ తగాదాలే కదా పెట్టుకునేది.

పాతపేపర్

టీ అయింది. రాజు చెప్పిందానికి ఒక చిన్న తోక. మెల్‌బోర్న్ నుంచి జట్టు ఓడలో వ్లదివస్తోక్ వచ్చి అక్కడ నుంచి రైలెక్కింది. సైబీరియా అంతా దాటి రోజుల తరబడి ప్రయాణం, కొత్త సంవత్సరం రైల్లోనే. స్టేషన్ స్టేషన్‌కీ జనం. ఒక చోట గడ్డం ముసలాయన పెట్టెలోకి ఎక్కి గోల్‌కీపర్ యాషిన్ ఎవరు అని అడిగి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, సంచిలోంచి నాటుసారా సీసా, పొద్దుతిరుగుడు గింజలు తీసి, నా దగ్గర ఉన్నది ఇదే అన్నాడట. చెప్పింది సిమోన్యానే. తన గోల్స్ గురించి ఎన్నిసార్లు చెప్పాడో తెలీదు గానీ యాషిన్‌కి ఇచ్చిన గింజల గురించి మాత్రం చెప్పకుండా ఉండేవాడు కాదు.

హాఫ్‌టైమ్_చాయ్

సరే, స్ట్రైకర్ వైపు తూకం బరువెక్కింది. కోచ్ పార్టీ వాళ్లు ఎక్కడ?

ఎరెవాన్_లో_నేను

ఇక్కడున్నాను. ఎంబీబీఎస్ ఎరెవాన్‌లోనే చదివాను, అక్కడ మన తెలుగు పిల్లలు బోలెడంతమంది. ఫుట్‌బాల్ గురించి నాకు పెద్దగా తెలీదు, కానీ ఒక సంగతి చెప్పాలి.

రెండో సంవత్సరం చలికాలం ముందు జాకెట్లు కొనుక్కోవడానికి నలుగురం ట్యాక్సీ ఎక్కాం. హ్రజ్దాన్ స్టేడియం దగ్గర సంతలో చవగ్గా దొరుకుతాయని సీనియర్లు చెప్పారు. నది లోయలో గిన్నెలా ఉంటుంది ఆ స్టేడియం, పై రోడ్డు నుంచి చూస్తే కుర్చీల వరుసలన్నీ కింద కనపడతాయి. 70 వేల మంది పట్టే స్టేడియం, మేం వెళ్లేసరికి ఆట లేదు, చుట్టూ బట్టల దుకాణాలే. నేను ఊరికే డ్రైవర్‌ని అడిగాను, ఇక్కడ మ్యాచ్‌లు జరగవా అని.

అంతే. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. బండి పక్కకి తీసి ఆపేశాడు. ఒక చేతి వేళ్లు రెండో చేత్తో మడుస్తూ పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. అబ్రహమ్యాన్ గోల్‌కీపర్, జనజన్యాన్ కెప్టెన్, అంద్రియస్యాన్, మర్కారోవ్... పది వేళ్లు అయిపోయాయి, పదకొండో పేరు దగ్గర స్టీరింగ్ మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. "ఇష్తోయాన్!" హారన్ మోగింది, వెనక బండివాడు తిట్టాడు, ఈయన పట్టించుకోలేదు. చివర్లో వేలు పైకి చూపించి, "నికితా" అన్నాడు. నాకు వచ్చిన ఆర్మేనియన్‌తో అర్థమైంది అంతే. నాలుగేళ్లేగా ఉన్నాడు అన్నారు పైన. ఆ డ్రైవర్ ముందు ఆ మాట అని చూడండి.

పాతపేపర్

డాక్టరమ్మా, ఇష్తోయాన్ దగ్గర స్టీరింగ్ ఎందుకు చరిచాడో నేను చెబుతాను.

1973 అక్టోబర్ 10, మాస్కో లెనిన్ స్టేడియం, సోవియట్ కప్ ఫైనల్. ఎదురుగా కీవ్ డైనమో. రెండో సగంలో కొలోతోవ్ పెనాల్టీతో కీవ్ 1-0. ఆఖరి నిమిషాలు వచ్చేశాయి. కీవ్ కోచ్ సెవిదోవ్ కప్పు చేతికి వచ్చేసిందనుకున్నాడో ఏమో, బ్లోఖిన్‌ని, బుర్యాక్‌ని బయటికి పిలిచేశాడు. ఆట ముగియబోతుండగా ఇష్తోయాన్ సమం చేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో మళ్లీ ఇష్తోయానే. 2-1. ఇంకో వైపు ఏం జరిగిందంటే, ఆ ఓటమి తర్వాత కీవ్ వాళ్లు సెవిదోవ్‌ని పంపించేసి లొబనోవ్‌స్కీని తెచ్చుకున్నారు. సోవియట్ ఫుట్‌బాల్ రాబోయే పదిహేనేళ్ల రాత ఆ రాత్రి మారింది.

అదే అక్టోబర్ చివర్లో ఎరెవాన్‌లో లెనిన్‌గ్రాడ్ జెనిత్‌ని 3-2తో ఓడించి లీగ్ కూడా తీసుకున్నారు. రెండో స్థానం ఎవరిది? కీవ్‌దే. ఆ సీజన్‌కి ఇంకో తమాషా ఉంది. డ్రా అయిన ప్రతి లీగ్ మ్యాచ్‌కీ పెనాల్టీలు కొట్టించారు. పెనాల్టీల్లో గెలిస్తేనే ఒక పాయింటు, ఓడితే సున్నా. ఆ ఒక్క ఏడాదే పెట్టారు, మళ్లీ తీసేశారు. ఏ కోచ్‌కైనా టెన్షన్‌తో జుట్టు రాలిపోవాల్సిన సీజన్.

ఆఫ్‌సైడ్_రాజు

కథ బాగుంది మాస్టారూ, కానీ జట్టు ఆయన తయారు చేసిందా? అరరాత్ 1971లోనే రెండో స్థానంలో వచ్చింది, అప్పుడు కోచ్ పొనొమర్యోవ్. సిమోన్యాన్ వెళ్లేసరికి అన్నం ఉడికిపోయింది, ఈయన వార్చాడు. ఆయన వెళ్లిపోయాక 1975లో మాస్లోవ్ వచ్చి మళ్లీ కప్పు గెలిచాడు, ఇంచుమించు అదే జట్టుతో. అంటే జట్టే గొప్పది.

పాతపేపర్

ఉడికిన అన్నాన్ని మాడ్చినవాళ్లు ఎంతమంది లేరు రాజూ! సరైన సమయానికి వార్చడమే పని. ఆ జట్టులో ఎవరికి వారు బంతి మీద మహా నేర్పున్నవాళ్లు, మర్కారోవ్ లాంటివాళ్లు. అలాంటి వాళ్లని కట్టేయకుండా ఆడనిచ్చాడు. అరిచే కోచ్ కాదు ఆయన.

నువ్వు స్పార్టక్‌ని వదిలేశావు. 1969 చూడు. కీవ్ అప్పటికి వరసగా మూడేళ్లు ఛాంపియన్. నవంబర్‌లో వాళ్ల ఊళ్లోనే, మంచులో, ఒస్యానిన్ గోల్‌తో 1-0. లీగ్ స్పార్టక్‌ది. అది ఎవరు వండిన అన్నం?

హాఫ్‌టైమ్_చాయ్

నాకు ఇంకోటి ఆశ్చర్యంగా ఉంది. 1959 దాకా ఆడాడు, 1960లో కోచ్. మధ్యలో ఏమీ లేదు. నిన్నటిదాకా పక్కన స్నానం చేసిన తోటి ఆటగాడు ఇగోర్ నెత్తో ఇవాళ నీ మాట వినాలి. మా ఆఫీసులో మాతో పాటు చేరినవాడు టీమ్ లీడ్ అయినప్పుడు నువ్వు అనాలో మీరు అనాలో తెలియక ఆరు నెలలు పేరు పెట్టి పిలవకుండా నెట్టుకొచ్చాను నేను.

ఎరెవాన్_లో_నేను

ఇప్పుడేమని పిలుస్తున్నారు?

హాఫ్‌టైమ్_చాయ్

ఉద్యోగం మారాను. 😄

ఆఫ్‌సైడ్_రాజు

సోవియట్ జాతీయ జట్టు గురించి ఎవరూ మాట్లాడట్లేదేం? 1977 నుంచి 1979 దాకా ఈయనే కోచ్. 1980 యూరో క్వాలిఫయర్స్‌లో గ్రీస్, హంగరీ, ఫిన్లాండ్ ఉన్న గ్రూప్. సోవియట్ చిట్టచివర. ఫిన్లాండ్ కంటే కింద!

పాతపేపర్

అది మచ్చే, కాదనను. గ్రూప్ ముగియకముందే దిగిపోయాడు గానీ, అప్పటికే చేయి జారింది. క్లబ్బులో రోజూ చూసే పిల్లలతో మెత్తగా నెగ్గుకొచ్చిన మనిషికి, నెలకోసారి దొరికే ఆటగాళ్లతో అదే మెత్తదనం పనిచేయలేదేమో. ఇది నా ఊహ.

అమ్ముగూడ_10

యూరప్ మ్యాచ్‌లు కూడా చెప్పండి. ఆ అరరాత్ 1974–75 యూరోపియన్ కప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. బేయర్న్ మ్యూనిక్‌లో 0-2, ఎరెవాన్‌లో 1-0, అంద్రియస్యాన్ గోల్. ఆ ఏడాది కప్పు బేయర్న్‌దే. టాప్ స్కోరర్లు ఇద్దరు, ఐదేసి గోల్స్: ఒకరు గెర్డ్ ముల్లర్, రెండోవాడు మర్కారోవ్.

ఆఫ్‌సైడ్_రాజు

బేయర్న్ మ్యాచ్‌లు 1975 మార్చిలో అన్నా. అప్పటికి సిమోన్యాన్ వెళ్లిపోయాడు, మాస్లోవ్ సీట్లో ఉన్నాడు. అంతకు ముందు రెండు రౌండ్లు మాత్రం, నార్వే వైకింగ్, ఐర్లాండ్ కార్క్ సెల్టిక్, అవి సిమోన్యాన్ ఖాతాలో వేయండి. నేనేమీ అన్యాయం చేయను.

గోళీసోడా

మరి మా మ్ఖితార్యాన్‌కి ఈయనకి ఏమన్నా సంబంధం ఉందా?

పాతపేపర్

ఉంది! మంచి ప్రశ్న. సిమోన్యాన్ 1984లో మళ్లీ అరరాత్ కోచ్‌గా వచ్చాడు. ఆ జట్టులో హామ్లెత్ మ్ఖితార్యాన్ అని ఫార్వర్డ్, ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. హెన్రిఖ్ తండ్రి ఆయనే. ముప్ఫై మూడేళ్లకే పోయాడు, 1996లో, కొడుకు ఏడేళ్ల పిల్లాడు.

గోళీసోడా

ఇది నాకు తెలీదు. థ్యాంక్స్ మాస్టారూ. పేరు ఇప్పుడు సరిగ్గా పలుకుతాను.

హాఫ్‌టైమ్_చాయ్

ఓటింగ్ పెట్టనా? స్ట్రైకర్ / కోచ్?

ఆఫ్‌సైడ్_రాజు

నా ఓటు స్ట్రైకర్‌కే. 34 గోల్స్, 35 ఏళ్ల రికార్డు. కానీ చాయ్ అన్నా, మీ టీమ్ పెద్దమనిషికి చెప్పాల్సింది పతకం కథ. గోల్స్ కొట్టేవాడికి స్వార్థం ఉంటుందన్నాడుగా.

ఎరెవాన్_లో_నేను

నాది డ్రైవర్ ఓటు.

అమ్ముగూడ_10

నాది రహీం సాబ్‌కి. 😀 నవ్వకండి, ఆయన మీద వేరే థ్రెడ్ తెరుస్తున్నా. మా తాతయ్య దగ్గర 1956 నాటి పేపర్ ముక్కలు ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి, నిన్న రాత్రి ఈ థ్రెడ్ చదివి వినిపిస్తే ఆయనే తీసి ఇచ్చాడు. స్కాన్ చేసి పెడతా. కొంచెం టైమ్ ఇవ్వండి, చెదలు తిన్నచోట అంటించాలి, యుగోస్లావియా మ్యాచ్ ముక్కలో సగం పోయింది.